ఎత్తింది – ఎత్తేది: బాలవాచకాలలో ఆటగాళ్ళ జీవితకథలు

మన బాలవాచకాలలోకి ఆటగాడు చాలా ఆలస్యంగా వచ్చాడు. అంతకుముందు ఆ పుటలలో రాజులుండేవారు, భక్తులుండేవారు. తరువాత దేశనాయకులు వచ్చారు, వారి వెనుక శాస్త్రజ్ఞులు వచ్చారు. వీరందరూ కూర్చున్న తరువాత మిగిలిన చోట ఆటగాడు వచ్చి నిలబడ్డాడు. రావడం మంచిదే. అతని గొప్పతనం వంశంవల్ల వచ్చింది కాదు, వరంవల్ల వచ్చింది కాదు. శరీరంతో చేసిన పనివల్ల వచ్చింది. పని అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే అనువైన వస్తువు మరొకటి దొరకదు. అయినప్పటికీ మన వాచకంలో ఒక ఆటగాని కథ మొదటినుంచి చివరిదాకా చదివిన పిల్లవాడికి పని గురించి ఒక్క ముక్క తెలియదు. ఇలా ఎందుకు జరుగుతున్నది?

బడిపిల్లల పాఠం మీద విమర్శావ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. అయిదువందల మంది చదివే నవల మీద మనం ఇరవై పుటలు రాస్తాం. లక్షల మంది పిల్లలు బలవంతంగానైనా చదివే నాలుగు పుటల పాఠం మీద నాలుగు వాక్యాలు రాయం. దేశంలోని గ్రామాలలో అయిదో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో నూటికి 50.5 మంది కాగా 2022లో 42.8 మందే అని అసర్ సర్వే తేల్చింది. మధ్యలో బడులు మూతపడిన కరోనా కాలం ఉన్నది నిజమే. కాని అంతకు ముందు మాత్రం సగానికి సగం మంది చదవలేకనే ఉన్నారు గదా! చదవలేని పిల్లవాడి చేతిలో ఏ పుస్తకం పెట్టాలన్నది సాహిత్య విమర్శకు చెందని ప్రశ్న అనడం తప్పించుకోవడమే.

నేను పనిచేసే బడి నూజివీడు మామిడి తోటల నడుమ ఉన్నది. ఇక్కడ బడికీ తోటకూ ఒక పాత తగాదా ఉన్నది. వేసవి సెలవులూ మామిడి కోతలూ ఒకే రోజులలో వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. తండ్రి చిక్కంతో కాయ దించుతుంటే పిల్లలు కింద ఏరుతారు, కోతులను తోలుతారు, ఈదురుగాలి కొట్టిన మరునాడు రాలిన కాయను పచ్చడికి పోగుచేస్తారు. ముచ్చిక దగ్గర చిమ్మిన సొన చెంపన పడితే కాలి మచ్చ కడుతుంది. జూన్‌లో బడి తెరిచిననాడు ఆ మచ్చలు చూసి ఎవరు తోటకు వెళ్ళారో చెప్పవచ్చు. వెళ్ళినవారు మార్చిలో చదవగలిగిన దానిని జూన్‌లో చదవలేరు. వారికి మళ్ళీ చదువు పట్టుబడాలంటే వాక్యం చిన్నదిగా ఉండాలి, విషయం పెద్దదిగా ఉండాలి. మన పాఠాలు దీనికి సరిగా తలకిందులు: వాక్యం పెద్దది, విషయం చిన్నది.

ఉదాహరణకు ఎన్‌సీఈఆర్‌టీ వారి తొమ్మిదో తరగతి ఇంగ్లీషు వాచకం ‘బీహైవ్’ చూడండి. చాలా ఏళ్ళపాటు దేశమంతటా చదివించిన ఆ పుస్తకంలో పర్వతారోహకురాలు సంతోష్ యాదవ్ గురించీ, టెన్నిస్ క్రీడాకారిణి మరియా షరపోవా గురించీ ఒక జంట పాఠం ఉన్నది. పూర్తిగా కొట్టిపారేయవలసిన పాఠం కాదు అది. పదహారేళ్ళకు పెళ్ళి వద్దన్న పల్లెటూరి పిల్ల ఎవరెస్టును 1992లోనూ 1993లోనూ రెండుసార్లు ఎక్కడం చిన్న సంగతి కాదు. ఆమె ఇంటివారు కలిగిన భూస్వాములని కూడా పాఠం నిజాయితీగా చెబుతుంది. కాని చెప్పి వదిలేస్తుంది. భూమి ఉన్న ఇంటి పిల్ల ఎదిరించడానికీ, భూమి లేని ఇంటి పిల్ల ఎదిరించడానికీ తేడా ఏమిటన్న ప్రశ్న పిల్లవాడి మనసులోకి రాకుండానే పాఠం కొండ ఎక్కుతుంది. షరపోవా భాగంలో మాత్రం ఒక మంచి చోటున్నది. పదేళ్ళయినా నిండని పిల్ల తల్లికి దూరంగా రెండేళ్ళు పరాయి దేశంలో ఉండడం, శిక్షణాలయంలో పెద్దపిల్లలు రాత్రి పదకొండు గంటలకు లేపి గది ఊడ్పించడం. నాకు తెలిసి పిల్లలు ఆ పాఠంలో గుర్తుంచుకునేది ఆ ఒక్క ఘట్టమే. ప్రపంచంలో మొదటి స్థానం ఏ తేదీన వచ్చిందన్నది పరీక్షకు గుర్తుంటుంది, పరీక్ష అయ్యాక పోతుంది. గది ఊడ్చిన పిల్ల పోదు.

మన ఉమ్మడి రాష్ట్రపు తొమ్మిదో తరగతి ఇంగ్లీషు వాచకంలో వి.వి.యస్. లక్ష్మణ్ మీద ఒక పాఠం ఉండేది. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఆయన చేసిన 281 పరుగులు నేనూ రేడియోకు చెవి ఆనించి విన్నవాణ్ణే. ఆ ఇన్నింగ్స్ గొప్పతనం మీద నాకు తగాదా లేదు. కాని ఆయన తల్లిదండ్రులు వైద్యులు, ఆయన ముందు ఉన్న ఎంపిక వైద్యవిద్యా క్రికెట్టా అన్నది. మా తోటల పిల్లవాడి ముందు ఉన్న ఎంపిక అది కాదు. ఆ తేడా చెప్పినంతమాత్రాన లక్ష్మణ్ తక్కువవాడు కాడు. చెప్పకపోతే మాత్రం పిల్లవాడు తన్ను తాను తక్కువవాడనుకుంటాడు.

ఇంతవరకు చెప్పింది వస్తువును గూర్చి. వస్తువు సరిపడితే చాలునని మనలో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నా అభిప్రాయం మారడానికి కారణం ఎక్కడో ఉన్న స్పానిష్ పాఠకులు.

అమెరికాలోని బడులలో ఇంగ్లీషు పిల్లలు స్పానిష్ నేర్చుకుంటారు. వారి కోసం ఉపాధ్యాయులు చిన్న చిన్న కథలూ జీవితకథలూ రాస్తారు. పరిమితమైన మాటలు, అవే మాటలు మళ్ళీ మళ్ళీ, తెలిసిన మాట ఆసరాగా తెలియని మాట. ఆటగాళ్ళ జీవితాలు ఇందుకు బాగా పనికివస్తాయి. ఎందుకో వ్యాకరణమే చెబుతుంది. స్పానిష్‌లో భూతకాలం రెండు విధాలు. ఒకసారి జరిగి ముగిసిన పనికి ఒక రూపం, రోజూ జరుగుతూ ఉండిన పనికి మరొక రూపం. ‘హుగో’ అంటే ఆడాడు. ‘హుగాబా’ అంటే ఆడేవాడు. ఇంగ్లీషు పిల్లవాడికి ఈ తేడా కొరుకుడు పడదు, అతని భాషలో క్రియకు ఇలాంటి రెండు తోకలు లేవు. తెలుగు పిల్లవాడికి ఇది తల్లిపాలతో వచ్చిన విద్య. జీవితకథ అన్న ప్రక్రియ అంతా ఈ రెండు రూపాల మధ్య నడుస్తుంది: చిన్నప్పుడు రోజూ ఆడేవాడు, ఒకనాడు ఆడాడు.

రొబెర్తో క్లెమెంటే కథ తీసుకోండి. పోర్టోరికో దీవిలో కరొలీనా అనే ఊళ్ళో 1934లో పుట్టిన నల్లవాడు. తండ్రి చెరకు తోటల్లో పనిచేసేవాడు. క్లెమెంటే పిట్స్‌బర్గ్ జట్టుకు 1955 నుంచి 1972 దాకా బేస్‌బాల్ ఆడి, మూడువేలసార్లు బంతిని విజయవంతంగా కొట్టాడు. సరిగ్గా మూడువేలు, ఒకటి ఎక్కువ లేదు తక్కువ లేదు. 1972 డిసెంబరులో నికరాగ్వాలో భూకంపం వచ్చినప్పుడు బాధితులకు సామగ్రి తీసుకువెళుతూ, ఆ నెల చివరి రోజున విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. ఇదంతా ‘ఆడాడు’, ‘కొట్టాడు’, ‘చనిపోయాడు’. మరి ‘ఆడేవాడు’లో ఏమున్నది? చెరకు తోటలున్నవి. శిక్షణ కోసం ఫ్లారిడా వెళ్ళినప్పుడు తెల్ల ఆటగాళ్ళు తినే చోట అతనికి తిండి పెట్టకపోవడం ఉన్నది. రొబెర్తో అన్న పేరు నోరు తిరగక అమెరికన్ పత్రికలు బాబ్ అని రాసేవి. అతని ఇంగ్లీషు యాసను అక్షరాలలోకి దించి నవ్వుకునేవి. ఈనాడు అతని దేశపు భాషను నేర్చుకోవడానికి కూర్చున్న పిల్లవాడికి ఇది చెప్పకపోతే మరేమి చెప్పినట్లు? కాని కథను సులభం చేయబూనినవాడు మొదట కత్తెర వేసేది ‘ఆడేవాడు’ మీదనే. విమానం మిగులుతుంది, చెరకు పోతుంది.

(ప్రసంగవశాత్తు ఒక సంగతి. స్పానిష్ వారు మామిడిని ‘మాంగో’ అంటారు. ఆ మాట మలయాళపు ‘మాంగ’ నుంచి పోర్చుగీసు ఓడలెక్కి పోయింది. మా పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వారు అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ కాయ ధర ఎంత అని.)

ఇప్పుడు మన తెలుగుకు వద్దాం. ‘ఎత్తింది’, ‘ఎత్తేది’. ఈ రెండు మాటల మధ్య మన బాలవాచకాల భావజాలమంతా ఇమిడి ఉన్నదని నా వాదన. పతకం ‘ఎత్తింది’లో ఉంటుంది. శ్రమ ‘ఎత్తేది’లో ఉంటుంది. ‘గెలిచింది, సాధించింది, తెచ్చింది’ అని వరుసగా రాసుకుపోతే చరిత్ర లేని అద్భుతం తయారవుతుంది. ‘లేచేది, నడిచేది, తినేది, ఎత్తేది, పడేసేది, మళ్ళీ ఎత్తేది’ అని రాస్తే రోజులు లెక్కకు వస్తాయి, ఆ రోజులలో తిండి ఎవరు పెట్టారన్న ప్రశ్న తానే వస్తుంది. కోడి రామమూర్తి గారి గురించి మనం చిన్నప్పుడు విన్నదేమిటి? గుండె మీద ఏనుగును నిలబెట్టాడు, గొలుసు తెంచాడు, కారును ఆపాడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరం బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ నడిపిన ఆ మనిషి రోజూ ఏమి చేసేవాడో ఎవరూ చెప్పలేదు. కనుక ఆయన మనకు కలియుగ భీముడుగానే మిగిలాడు, మనిషిగా మిగలలేదు.

ఇతరుల పాఠాలను విమర్శించడం సులువు. నా పాఠం సంగతి చెప్పకుండా ఇక్కడ ఆపితే పాఠకులు నన్ను క్షమించరాదు. కరణం మల్లీశ్వరి గురించి మా ఆరో తరగతికి ఎనిమిది పుటల కథ ఒకటి రాసి, చేతిరాత ప్రతులు తీయించి పంచాను. వివరాలు అందరికీ తెలిసినవే. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. నలుగురు అక్కచెల్లెళ్ళు, అందరికీ బరువులెత్తడంలో శిక్షణ. పన్నెండో ఏట నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర చేరింది. 1994లో, 1995లో ప్రపంచ విజేత. 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీలో, 69 కిలోల తరగతిలో కంచు పతకం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బరువులెత్తే పోటీ పెట్టడమే ఆ ఏడు మొదలు. ఒలింపిక్ పతకం తెచ్చిన భారతీయ స్త్రీలలో ఆమెయే మొదలు.

నా మొదటి ప్రతి సిగ్గుచేటుగా ఉన్నది. ‘పట్టుదల’ అన్న మాట అయిదుసార్లు వాడాను. మల్లీశ్వరి ‘భారోత్తోలన క్రీడాకారిణి’ అని రాశాను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల పిల్లలకు సవర భాషలో పుస్తకాలు రాసి చదువు చెప్పిన గడ్డ ఆమె పుట్టిన ప్రాంతానికి ఎంతో దూరం కాదు. ఆయన పేరు ప్రతి ఆగస్టులో తలచుకునే మనం పిల్లల వాచకంలో ఇంకా భారోత్తోలనం చేస్తున్నాము! మా పిల్లలు ‘భా’ దగ్గర బయలుదేరి ‘త్తో’ దగ్గర చతికిలబడ్డారు. ‘బరువులెత్తే అమ్మాయి’ అని మార్చాను. అప్పుడు తెలిసింది, ఆ ఒక్క క్రియతో ఎంత పని చేయించవచ్చో. ఎత్తింది, ఎత్తలేదు, ఎత్తలేకపోయింది, ఎత్తబోయింది, ఎత్తేది. తలెత్తింది. గొంతెత్తింది. ఎత్తుగడ. ఒక్క ధాతువు చుట్టూ తిప్పితే ఎనిమిది పుటలూ పిల్లలు చదివేశారు. సులభ వాచకం అంటే పసిమాటలు రాయడం కాదు, ఒక గట్టి మాటను పట్టుకొని వదలకపోవడం.

లెక్కల దగ్గర అసలు తరగతి మొదలయింది. స్నాచ్‌లో 110 కిలోలు, అంటే ఒక్క ఊపున నేలమీది నుంచి తలపైకి. క్లీన్ అండ్ జెర్క్‌లో 130, ముందు భుజాల దాకా, అక్కడినుంచి తలపైకి. మొత్తం 240. మామిడికాయల ప్లాస్టిక్ ట్రే మా దగ్గర ఇరవై కిలోలు పడుతుంది. అంటే ఆరున్నర ట్రేలు ఒక్కసారి! తరగతి అంతా నోరు తెరిచింది. అప్పుడు వెనుక వరుసలో ఒక కుర్రవాడు లేచి, “మాస్టారూ, మా నాన్న రోజుకు రెండువందల ట్రేలు లారీకెక్కిస్తాడు. నాలుగువేల కిలోలు. ఒక్కసారి కాదులెండి. మరి మా నాన్నకేమిస్తారండీ?” అన్నాడు.

“కూలి” అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు నవ్వలేదు.

వాడి వెంటనే ఒక ఆడపిల్ల అడిగింది: “ఎత్తి మళ్ళీ కింద పడేస్తదాండీ? మరి ఎత్తడం దేనికి?”

ఈ రెండు ప్రశ్నలూ కలిపితే క్రీడ అంటే ఏమిటన్న తత్త్వచర్చ అంతా అందులో ఉన్నది. ట్రే ఎత్తిన చోట దించడానికి లేదు, అది బజారు చేరాలి. ఎత్తినవాడి బలం కాయతోపాటు నున్న మార్కెట్‌కు పోతుంది. మల్లీశ్వరి ఎత్తిన ఇనుము ఎవరి అవసరమూ తీర్చదు. అవసరం నుంచి విడివడిన శ్రమే ఆట. ఆ విడివడే అవకాశం కొందరికే ఎందుకు దొరుకుతుందన్నది ఆరో తరగతిలో తేలే ప్రశ్న కాదు. కాని పాఠం ఆ ప్రశ్నను పుట్టించాలి, కనీసం నోరు నొక్కకూడదు. నా మొదటి ప్రతి నొక్కింది. ఆ కుర్రవాడు పాఠాన్ని దాటి అడిగాడు, అంతే.

నేను చేసిన పెద్ద తప్పు మరొకటున్నది. సిడ్నీలో ఆమె చివరి ఎత్తును నేను పాఠంలో పెట్టలేదు. రెండో ప్రయత్నంలో 130 ఎత్తిన తరువాత మూడో ప్రయత్నానికి 137.5 వేయించుకున్నారు. అది లేచి ఉంటే మొత్తం 247.5, స్వర్ణం, ముందున్న ఇద్దరూ ఎత్తింది 242.5 చొప్పున. లేవలేదు. పిల్లల కథలో ఓటమి ఎందుకని వదిలేశాను. ఎవరో అన్నగారి సెల్‌ఫోనులో ఆ దృశ్యం చూసి వచ్చిన పిల్లలు మరునాడు నన్ను నిలదీశారు. “పడేసింది గదా మాస్టారూ, మీరు రాయలేదేం?” అన్నారు. ఆపైన తరగతి రెండుగా చీలింది. రెండున్నర పెంచితే పోయేదానికి ఏడున్నర పెంచడం అత్యాశ అని ఒక పక్షం. కంచు ఎలాగూ చేతిలో ఉన్నప్పుడు బంగారానికి పోకపోతే అదేం ఆట అని మరొక పక్షం. మూడు నెలలుగా నోరు విప్పని పిల్లలు పాఠం తెరిచి, వాక్యం మీద వేలు పెట్టి, తమ పక్షానికి రుజువులు చదివి వినిపించారు. చదవడం అంటే ఇదేనని నాకు ఆనాడు అర్థమయింది. విజయం గురించి వాదించడానికి ఏమీ ఉండదు. పడిపోయిన బరువు గురించి పీరియడంతా వాదించవచ్చు.

మన పక్షం వారి పాఠాలను కూడా ఈ గీటురాయి మీదనే గీయాలి. 1961లో క్యూబాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమం ఒక్క ఏడాదిలో సుమారు ఏడు లక్షల మందికి చదువు చెప్పింది. పట్నం పిల్లలు లాంతర్లు పట్టుకుని కొండపల్లెలకు వెళ్ళారు. దానికి చేతులెత్తి నమస్కరించవలసిందే. అయినా వారి వాచకంలో మొదటి పాఠం అమెరికా ఖండపు రాజ్యాల సంస్థ పొడి అక్షరాలు, ఓ, ఎ, ఆ. మూడు అచ్చులూ ఒకచోట దొరికాయన్న సౌలభ్యం ఉన్నది, నిజమే. కాని చదువు మొదలుపెట్టిన రైతుకు ఆ మూడక్షరాలలో తన పొలం కనబడిందా? మన దగ్గర నెల్లూరు జిల్లా అనుభవం దీనికంటే ముందుకు పోయింది. 1990 తరువాత అక్కడి అక్షరాస్యతా వాచకంలో సారా వల్ల నాశనమయిన ఇంటి కథను పాఠంగా పెట్టారు. చదివిన ఆడవాళ్ళు అది తమ కథేనన్నారు. 1992లో దూబగుంట పేరు రాష్ట్రమంతటా మారుమోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠంలో నినాదం బలంగా ఉన్నందువల్ల కాదు, మొగుడు రోజూ ఏమి చేసేవాడో ఉన్నందువల్ల అది పనిచేసింది. మల్లీశ్వరిని ‘శ్రామికవర్గ పుత్రిక’ అని రాయమని ఒక మిత్రుడు నాకు సలహా ఇచ్చాడు. కానిస్టేబులు కూతురికి ఆ బిరుదు అతుకుతుందా అన్నది అటుంచి, ఆ మాట కూడా పిల్లవాడికి భారోత్తోలనమే.

కథను పల్లెపిల్లల స్థాయికి దించుతున్నానని, ఇంగ్లీషు మాధ్యమం వచ్చిన రోజులలో తెలుగు సులభ వాచకంతో కాలక్షేపమేమిటని ఆక్షేపించినవారు ఉన్నారు. ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టాలని 2019లో నిర్ణయించిన నాటినుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. ‘ఎత్తేది’ అన్న మాటలోని రోజులను తన భాషలో లెక్కపెట్టడం రాని పిల్లవాడు ఇంగ్లీషులో షరపోవా గదిని ఎలా ఊడుస్తాడో నాకు తెలియదు. ఇక స్థాయి సంగతి: 137.5 గురించి మా పిల్లలు వాదించినంత లోతుగా ఈ ఆక్షేపకులు ఎన్నడైనా ఒక పాఠం గురించి వాదించారా?

రెండో ప్రతి ఇప్పుడు పది పుటలయింది. ‘పట్టుదల’ ఒక్కసారి కూడా లేదు. చివరి ఎత్తు ఉన్నది. ‘మల్లీశ్వరి వలె మనమూ దేశానికి కీర్తి తేవాలి’ అని నేను కట్టిన ముగింపు వాక్యాన్ని ఆ వెనుక వరుస కుర్రవాడే పెన్సిలుతో కొట్టేశాడు. దాని కింద తన అక్షరాలతో రాసుకున్నాడు: ‘మా నాన్న కూడా ఎత్తేవాడు. నడుం పట్టినాక ఎత్తడంలేదు.’ ఆ ‘ఎత్తేవాడు’లో ఒత్తు తప్పు పోయింది. దిద్ది, వాక్యం అలాగే ఉంచాను. ఈ జూన్‌లో పంచబోయే ప్రతులలో అది పదో పుట.